కాళ్ల ఉదుటును కొలవడం ఎలా? జంప్ పరీక్షలపై పీఈటీలకు, కోచ్‌లకు సమగ్ర మార్గదర్శి

వంద కిలోల బార్ భుజాన వేసుకుని స్క్వాట్లు తీసే కుర్రాడు వాలీబాల్ నెట్ దగ్గర బ్లాకింగ్‌కు లేవలేకపోతాడు. బక్కపలచగా కనిపించే ఇంకొకడు అదే నెట్ మీద మోచేతుల దాకా లేస్తాడు. ఇలాంటి జంట ప్రతి గ్రౌండ్‌లోనూ ఉంటుంది. మొదటివాడికి బలం లేక కాదు, ఆ బలం బయటికి రావడానికి అతని కండరాలకు ఎక్కువ సమయం పడుతోంది.

కండరం తన పూర్తి బలాన్ని అందుకోవడానికి సాధారణంగా 0.3 సెకన్లకు పైనే పడుతుంది. పూర్తి వేగంతో పరుగెత్తే స్ప్రింటర్ పాదం నేలమీద ఉండేది దాదాపు 0.1 సెకను. లాంగ్ జంప్‌లో టేకాఫ్ పలక మీద పాదం నిలిచే సమయమూ కొంచెం అటూ ఇటూగా అంతే. విశాఖపట్నం నుంచి వచ్చిన జ్యోతి యర్రాజీ హర్డిల్ దాటి నేల తాకీ తాకగానే మళ్లీ లేచే పరుగైనా, అమలాపురం నుంచి వచ్చిన సాత్విక్ సాయిరాజ్ గాలిలోకి లేచి కొట్టే స్మాష్ అయినా ఈ కొద్దిపాటి వ్యవధిలో కాళ్లు ఎంత ఇవ్వగలవన్న దానిపైనే ఆధారపడతాయి. దాన్ని కొలవడానికి మన చేతిలో ఉన్న అతి చౌకైన సాధనం జంప్. ఒక గోడ, ఒక టేపు, స్లో మోషన్ ఉన్న ఒక ఫోను ఉంటే చాలు. అయితే కొలిచే పద్ధతి ఒక్కోసారి ఒక్కోలా ఉంటే వచ్చే అంకె ఆటగాడి గురించి ఏమీ చెప్పదు. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం అందుకే చిన్నచిన్న జాగ్రత్తల మీదే నడుస్తుంది.

మొదటి దశ: ఏం తెలుసుకోవాలో తేల్చుకోండి

ఆటగాడు ఎంత ఎత్తు లేస్తాడన్నది పాదం నేలను విడిచే క్షణంలో అతనికి ఉన్న వేగాన్ని బట్టి ఉంటుంది. 37 సెం.మీ. లేచినవాడు సెకనుకు సుమారు 2.7 మీటర్ల వేగంతో నేల విడిచినట్టు. శరీర బరువును మోయగా మిగిలిన బలం, ఆ బలంతో నేలను నెట్టిన సమయం, ఈ రెండింటి లబ్ధాన్ని శరీర ద్రవ్యరాశితో భాగిస్తే ఆ వేగం వస్తుంది. కాబట్టి జంప్ ఎత్తు కాళ్ల బలాన్ని నేరుగా చూపే కొలత కాదు. కిలో బరువుకు ఎంత తోపు వచ్చిందో అది చెబుతుంది. బరువు పెరిగితే, కాళ్లు అంతే బలంగా ఉన్నా ఎత్తు తగ్గుతుంది.

వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు పైకి ఎగిరే పరీక్ష నేరుగా పనికొస్తుంది. కబడ్డీ రైడర్‌కు, స్టార్టింగ్ బ్లాకుల నుంచి దూసుకెళ్లే స్ప్రింటర్‌కు ముందుకు దూకే స్టాండింగ్ బ్రాడ్ జంప్ మరింత దగ్గరగా ఉంటుంది. ట్రిపుల్ జంపర్‌కు, హర్డ్లర్‌కు నేలను తాకి వెంటనే లేచే డ్రాప్ జంప్ కావాలి. మోకాళ్లు వంచి పైకి ఎగిరే మామూలు జంప్‌లో కిందికి దిగి నేల విడిచేదాకా అర సెకనుకు పైనే పడుతుంది. పరుగులో పాదం నేలమీద నిలిచే 0.1 సెకనుతో దానికి పోలిక లేదు. అందుకే మామూలు జంప్ బాగున్నా డ్రాప్ జంప్‌లో తేలిపోయేవారు కనిపిస్తారు. అన్ని పరీక్షలూ అందరికీ పెట్టనక్కరలేదు. ఆటకు తగినవి ఒకటో రెండో ఎంచుకుని ఏడాదంతా వాటినే కొనసాగించండి.

రెండో దశ: పరిస్థితులను కట్టుదిట్టం చేయండి

ప్రతిసారీ అదే స్థలం, అదే సమయం, వీలైతే అవే బూట్లు. సాయంత్రం శరీరం వెచ్చగా ఉండటం వల్ల ఉదయం కంటే జంప్ కాస్త మెరుగ్గా వస్తుంది. కాబట్టి జూన్‌లో ఉదయం ఆరింటికి, సెప్టెంబరులో సాయంత్రం అయిదింటికి కొలిచి "పిల్లలు మెరుగయ్యారు" అనుకోవడంలో అర్థం లేదు. వానకు తడిసిన మట్టి, ఇసుక తోపును మింగేస్తాయి. సిమెంటు అరుగు, గట్టిపడిన కోర్టు, స్కూలు వరండా మంచివి. ముందురోజు కాళ్లకు బరువైన సాధన వద్దు.

వార్మప్ అందరికీ ఒకటే ఉండాలి. అయిదు నిమిషాల నెమ్మది పరుగు, కాళ్లు ఊపే వ్యాయామాలు, బరువు లేని స్క్వాట్లు పది, ఆ తర్వాత సగం శక్తితో మొదలై పెరుగుతూ పోయే నాలుగు జంప్‌లు సరిపోతాయి. తొడ కండరాన్ని నిమిషానికి పైగా సాగదీసి పట్టుకునే స్ట్రెచింగ్ పరీక్షకు ముందు చేయించకండి, అది జంప్‌ను కొద్దిగా తగ్గిస్తుంది.

తెలంగాణలో హకీంపేట క్రీడా పాఠశాల ఎంపికల్లో వర్టికల్ జంప్, స్టాండింగ్ బ్రాడ్ జంప్ రెండూ ఉంటాయి. నాలుగో తరగతిలో చేరడానికి వచ్చే పిల్లలు అక్కడ మొదటిసారి తమ కాళ్ల బలాన్ని చూపాల్సి వస్తుంది. చేతులు ఎప్పుడు ఊపాలో, మోకాళ్లు ఎంత వంచాలో తెలియని పల్లె పిల్లవాడు మొదటి ప్రయత్నంలో చాలా సెంటీమీటర్లు పోగొట్టుకుంటాడు. అతని దగ్గర బలం ఉన్నా దాన్ని చూపించే ఒడుపు ఉండదు. అందుకే ఎంపికల కోసమైనా, స్కూల్లో మామూలు పరీక్షకైనా, రెండు మూడు రోజుల ముందు నుంచే ఆ జంప్‌ను పిల్లలకు చూపించి, చేయించి అలవాటు చేయండి. అలవాటయ్యాక వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోండి. మార్గదర్శిలోని మిగతావన్నీ మరిచినా ఫరవాలేదు, ఇది మాత్రం మరవకండి.

మూడో దశ: గోడ పద్ధతి

హార్వర్డ్‌లో దీర్ఘకాలం వ్యాయామశాల బాధ్యతలు చూసిన డడ్లీ సార్జెంట్ 1921లో ఈ తరహా పరీక్ష గురించి రాశారు. అందుకే దీనికి సార్జెంట్ జంప్ అన్న పేరు స్థిరపడింది. వందేళ్లు దాటినా మన గ్రౌండ్లలో ఇంకా ఇదే ఎక్కువగా నడుస్తోంది.

1. నున్నని గోడకు టేపును నిలువుగా, నేలనుంచి సున్నా మొదలయ్యేలా అంటించండి.

2. ఆటగాడు గోడకు పక్కగా, వాటంగా ఉండే చేయి గోడవైపు ఉండేలా నిలబడాలి. మధ్యవేలికి సుద్దపొడి అద్దండి.

3. రెండు మడమలూ నేలకు ఆని ఉండగా చేయి పూర్తిగా పైకి చాచి గోడ మీద గుర్తు పెట్టించండి. ఇది నిలుచుని అందుకునే ఎత్తు.

4. గోడకు జానెడు దూరం జరిగి, అడుగు వేయకుండా, ఉన్నచోటి నుంచే మోకాళ్లు వంచి, చేతులు ఊపి ఎగిరి, పైన అందినంత ఎత్తులో గోడను తాకాలి.

5. రెండు గుర్తుల మధ్య తేడాను అర సెంటీమీటరు వరకు రాయండి. మూడు ప్రయత్నాలు, మధ్యలో కనీసం నిమిషం విశ్రాంతి. మూడోదే అన్నిటికంటే 2 సెం.మీ.కు మించి బాగుంటే నాలుగోదీ ఇవ్వండి, ఆ పిల్లవాడు ఇంకా నేర్చుకుంటున్నాడు.

పరీక్ష చెడేది ఎక్కువగా మూడో మెట్టులోనే. పిల్లలు భుజం పూర్తిగా లేపకుండా చేయి చాస్తారు. నిలుచున్న గుర్తు 3 సెం.మీ. కిందికి పడుతుంది, జంప్ 3 సెం.మీ. పెరుగుతుంది. కొందరు కావాలనే చేస్తారు, చాలామందికి తెలియదు. ఆటగాడి వెనుక నిలబడి చూడండి. చేయి చెవికి తగులుతోందా, భుజపుటెముక పైకి లేచిందా, మడమలు నేలమీదే ఉన్నాయా? మూడూ సరిగ్గా ఉంటేనే గుర్తు పెట్టనివ్వండి. 212 సెం.మీ. దగ్గర పడాల్సిన గుర్తు 209 దగ్గర పడితే, 46 సెం.మీ. ఎగిరిన అమ్మాయి మీ రికార్డులో 49 ఎగిరినట్టు ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత సరిగ్గా కొలిచి 48 వస్తే, నిజంగా పెరిగిన ఆ అమ్మాయికి "తగ్గిపోయావు" అని చెప్పిన వాళ్లమవుతాం.

రెండో లోపం సమయానిది. గాల్లో అత్యంత ఎత్తులో ఉన్నప్పుడే గోడను తాకాలి. లేస్తుండగానే తాకేసేవారికి, దిగుతూ తాకేవారికి అంకె తక్కువ వస్తుంది. రెండు మూడుసార్లు సాధన చేయిస్తే ఇది సర్దుకుంటుంది.

నాలుగో దశ: స్టాండింగ్ బ్రాడ్ జంప్

దీనికి ఎక్కువ చెప్పనక్కరలేదు. గీత వెనుక రెండు పాదాలూ సమంగా ఉంచి, ముందుగా చిన్న గెంతు వేయకుండా, రెండు కాళ్లతో ఒకేసారి దూకాలి. గీత ముందు అంచు నుంచి వెనుక పడిన మడమ వరకు కొలవాలి. వెనక్కి పడినా, చేయి వెనక ఆనినా ఆ ప్రయత్నం లెక్కకు రాదు. దూకే చోటు, దిగే చోటు ఒకే మట్టంలో ఉండాలి. గట్టి నేల నుంచి దూకి గోతిలోని ఇసుకలో దిగితే ఆ దూరాన్ని వరండాలో వచ్చిన దూరంతో పోల్చకూడదు.

ఒకప్పుడు ఇది ఒలింపిక్ పోటీ. 1900 నుంచి 1912 వరకు నిలుచున్నచోటి నుంచి దూకే పోటీలు జరిగాయి. చిన్నతనంలో పోలియో బారిన పడిన అమెరికన్ రే యూరీ 1904లో సెయింట్ లూయిస్‌లో 3.47 మీటర్లు దూకారు. మన పిల్లలకు ఈ కథ చెప్పండి, పరీక్ష మీద ఆసక్తి పెరుగుతుంది.

పొడవైన కాళ్లున్నవారికి ఇందులో కొంత అనుకూలత ఉంటుంది. చేతుల ఊపు, దిగేటప్పుడు కాళ్లను ముందుకు చాచే నేర్పు కూడా దూరాన్ని పెంచుతాయి. కాబట్టి ఇద్దరు పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చడం కంటే, ఒకే పిల్లవాడి పాత అంకెతో కొత్త అంకెను పోల్చడానికే ఇది బాగా పనికొస్తుంది.

అయిదో దశ: ఫోనుతో గాలిలో ఉన్న సమయాన్ని కొలవడం

నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇది. ఇటలీ శాస్త్రవేత్త కార్మెలో బోస్కో, ఆయన సహచరులు 1980లలో గాలిలో ఉన్న సమయాన్ని బట్టి జంప్‌ను లెక్కగట్టే విధానాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చారు. అప్పట్లో దానికి విద్యుత్ స్పర్శ చాప కావాలి. ఇప్పుడు సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను చాలు.

సూత్రం చిన్నదే. గాలిలో ఉన్న సమయాన్ని సెకన్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 122.6తో గుణిస్తే ఎత్తు సెంటీమీటర్లలో వస్తుంది. 240 ఫ్రేముల వీడియోలో ఆటగాడు 132 ఫ్రేముల పాటు గాలిలో ఉంటే అది 0.55 సెకన్లు, అంటే 37.1 సెం.మీ. 120 ఫ్రేములకు 30.7, 144కు 44.1, 156కు 51.8 సెం.మీ. వస్తాయి.

ఫ్రేముల వేగం ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చూడండి. గాలిలో అర సెకను ఉన్నవాడి విషయంలో ఒక్క ఫ్రేము పొరపాటు పడితే, 240 వేగంలో తేడా అర సెంటీమీటరు. 120లో 1 సెం.మీ., 60లో 2 సెం.మీ., మామూలు 30 ఫ్రేముల వీడియోలో ఏకంగా 4 సెం.మీ. మూడు నెలల కఠిన సాధనతో వచ్చే మెరుగుదల కూడా చాలాసార్లు అంతే ఉంటుంది.

ఫోను నిజంగా 240 తీస్తోందో లేదో ముందు తేల్చుకోండి. గోడ మీద సరిగ్గా ఒక మీటరు ఎత్తులో గీత గీసి, బంతి అడుగు భాగం గీతకు సరిపోయేలా పట్టుకుని వదలండి. నేల తాకడానికి 0.45 సెకన్లు పట్టాలి, అంటే 108 ఫ్రేముల దగ్గర రావాలి. 54 వస్తే మీ ఫోను తీస్తున్నది 120 మాత్రమే. పక్కపక్క ఫ్రేముల్లో ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే ఫోను మధ్యలో ఫ్రేములను కల్పించి నింపుతోందని అర్థం. అలాంటి దాన్ని పక్కన పెట్టండి.

ఇక చిత్రీకరణ. ఫోనును చేత్తో పట్టుకోకుండా, నేలకు దగ్గరగా, రెండు ఇటుకల మధ్య నిలబెట్టి ఆటగాడి పాదాలు స్పష్టంగా కనిపించేలా మీటరున్నర దూరంలో పెట్టండి. వెలుతురు బాగా ఉండాలి. ఆటగాడి రెండు చేతులూ జంప్ మొదటి నుంచి చివరి దాకా నడుం మీదే ఉండాలి. నిటారుగా నిలబడి, చురుగ్గా కిందికి దిగి, ఆగకుండా పైకి ఎగరాలి. దీన్ని కౌంటర్ మూవ్‌మెంట్ జంప్ అంటారు. గాలిలో మోకాళ్లు ముడుచుకుంటే దిగడం ఆలస్యమై ఎత్తు దొంగతనంగా పెరుగుతుంది. 0.05 సెకను ఆలస్యం 6 సెం.మీ.తో సమానం. లేచేటప్పుడు కాళ్లు ఎలా చాచి ఉన్నాయో, మునివేళ్లతో దిగేటప్పుడూ అలాగే ఉండాలి. దిగాకే మోకాళ్లు వంచాలి.

వీడియోను ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి. రెండు పాదాలూ నేలను విడిచిన మొదటి ఫ్రేము, ఏదో ఒక పాదం నేలను తాకిన మొదటి ఫ్రేము, ఈ రెండింటి మధ్య లెక్క కావాలి. తెరమీద కనిపించే గడియారాన్ని నమ్మకండి. స్లో మోషన్ వీడియో ఎనిమిది రెట్లు సాగి ఆడుతుంది కాబట్టి 0.55 సెకన్లు అక్కడ 4.4గా కనిపించవచ్చు. జట్టు మొత్తానికీ ఒక్కరే ఫ్రేములు లెక్కించడం మంచిది.

గోడ మీద 46 వచ్చిన అమ్మాయికి ఫోనుతో 33 రావచ్చు, కంగారు పడకండి. గోడ పద్ధతి మడమలు నేలకు ఆనిన స్థితి నుంచి కొలుస్తుంది. ఫోను మునివేళ్లు నేలను విడిచిన క్షణం నుంచి కొలుస్తుంది. మడమలు లేవడంలోనే సుమారు 10 సెం.మీ. పోతుంది. పైగా గోడ దగ్గర చేతుల ఊపు కలుస్తుంది. ఈ రెండు పద్ధతుల అంకెలను ఒకే వరుసలో ఎప్పుడూ రాయకండి.

ఆరో దశ: స్క్వాట్ జంప్, డ్రాప్ జంప్

మోకాళ్లు 90 డిగ్రీలు వంచి, అక్కడ రెండు మూడు సెకన్లు కదలకుండా ఆగి, ఏమాత్రం ఇంకా కిందికి జారకుండా ఎగిరితే అది స్క్వాట్ జంప్. ఇది సాధారణంగా కౌంటర్ మూవ్‌మెంట్ జంప్ కంటే తక్కువగా ఉంటుంది. కండరాలు సాగి వెంటనే ముడుచుకునే ప్రయోజనం ఇందులో ఉండదు. రెండూ దాదాపు సమానమైతే ఆటగాడు ఆ ప్రయోజనాన్ని వాడుకోవడం లేదని కొందరు కోచ్‌లు తీర్మానిస్తారు. నేను అంత దూరం వెళ్లను. స్క్వాట్ జంప్‌లో కంటికి అందని చిన్న జారుడు కూడా లెక్కను తారుమారు చేస్తుంది.

డ్రాప్ జంప్ వేరే సంగతి. 30 సెం.మీ. పెట్టె మీద నుంచి, ఎగరకుండా, ఒక కాలు ముందుకు చాచి కిందికి జారాలి. నేల తాకగానే వీలైనంత త్వరగా, వీలైనంత పైకి లేవాలి. ఆటగాడికి మీరు చెప్పే మాట మీదే ఫలితం ఆధారపడుతుంది. "బాగా ఎత్తు ఎగురు" అంటే నేలమీద ఎక్కువసేపు ఉంటాడు. "నేల నిప్పులా కాలుతోందనుకో" అంటే టక్కున లేస్తాడు. ప్రతిసారీ అదే మాట చెప్పండి.

లేచిన ఎత్తును మీటర్లలో తీసుకుని, నేలమీద ఉన్న సమయంతో భాగించండి. వచ్చే అంకెను సూచిక అందాం. 48 ఫ్రేములు నేలమీద, 122 ఫ్రేములు గాలిలో ఉన్నవాడికి స్పర్శ 0.20 సెకను, ఎత్తు 31.7 సెం.మీ., సూచిక 1.58. ఇంకొకరు 36 సెం.మీ. లేచినా నేలమీద 0.30 సెకను గడిపితే సూచిక 1.2 మాత్రమే. హర్డిల్స్‌కు నేను మొదటివాడినే తీసుకుంటాను. స్పర్శ 0.25 సెకను దాటుతుంటే పెట్టె ఎత్తు తగ్గించండి. మోకాళ్లు లోపలికి వాలిపోయేవారికి, దిగడం ఇంకా సరిగ్గా రాని చిన్న పిల్లలకు ఈ పరీక్ష వద్దు.

ఏడో దశ: సెంటీమీటర్ల నుంచి వాట్లకు

ఎదుగుతున్న పిల్లల విషయంలో ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతాం. 1999లో సేయర్స్ బృందం ప్రచురించిన సమీకరణం గరిష్ఠ శక్తిని అంచనా వేస్తుంది: జంప్ సెంటీమీటర్లను 60.7తో, శరీర బరువు కిలోలను 45.3తో గుణించి, రెండూ కలిపి 2055 తీసేయాలి. 62 కిలోల కుర్రాడు 37 సెం.మీ. ఎగిరితే సుమారు 3,000 వాట్లు. ఏడాదికి 66 కిలోలై మళ్లీ 37 సెం.మీ.యే ఎగిరితే దాదాపు 3,180. రికార్డులో ఎత్తు అక్కడే ఆగిపోయినట్టు కనిపించినా, అతను నాలుగు కిలోలు ఎక్కువ మోసుకుని అంతే ఎత్తు లేస్తున్నాడు. కళాశాల వయసువారి కొలతల నుంచి వచ్చిన సమీకరణం ఇది. చిన్న పిల్లలకు వాడకండి, పెద్దవారిలోనూ అంచనాగానే చూడండి.

ఎనిమిదో దశ: నిజంగా పెరిగిందా?

అదే మనిషి, అదే గోడ, వారం తేడాతో కొలిస్తే కూడా అంకె కదులుతుంది. ఆ కదలిక ఎంతో తెలియనిదే మెరుగుదల గురించి మాట్లాడలేం. మీ జట్టును వారం తేడాతో రెండుసార్లు, మధ్యలో కొత్త సాధన ఏదీ పెట్టకుండా కొలవండి. ఎనిమిది మందికి తేడాలు +1, −2, +3, 0, −1, +2, −2, +1 సెం.మీ. వచ్చాయనుకోండి. వీటి ప్రామాణిక విచలనం (తేడాలు తమ సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 1.83. దాన్ని 1.41తో భాగిస్తే 1.3 సెం.మీ. ఇది మీ కొలతలో సహజంగా ఉండే పొరపాటు. ఎవరైనా 1 సెం.మీ. పెరిగితే దాన్ని పెరుగుదలగా ప్రకటించకండి. 2.6 దాటితే నమ్మకం కుదురుతుంది. 3.6 దాటితే దాదాపు ఖాయం. ఎనిమిది మంది చాలా తక్కువ, పదిహేను ఇరవై మందితో చేస్తే అంకె స్థిరపడుతుంది. ఎంపికలకు మూడింటిలో ఉత్తమమైనదాన్ని తీసుకున్నా, సాధన ప్రభావం చూడటానికి మూడింటి సగటే నయం.

శిబిరాల్లో అలసటను గమనించడానికీ వారం వారం ఇదే పరీక్ష వాడవచ్చు. ఒక జాగ్రత్త ఉంది. అలసిన ఆటగాడు ఇంకా లోతుగా, నెమ్మదిగా దిగి, అదే ఎత్తు తెచ్చుకోగలడు. నేలను నెట్టే బలాన్ని క్షణక్షణం కొలిచే ఫోర్స్ ప్లేట్ ఉన్నచోట నేలను నెట్టిన సమయం పెరగడం కనిపిస్తుంది, టేపుకు అది దొరకదు. అందుకే అంకె మారకపోయినా దిగే తీరు మారిందేమో కళ్లతో చూడండి.

తొమ్మిదో దశ: గాయం తర్వాత

మోకాలి శస్త్రచికిత్స నుంచి కోలుకున్నవారికి ఒంటికాలితో ముందుకు దూకే పరీక్ష పెట్టి, గాయపడిన కాలి దూరాన్ని రెండో కాలి దూరంతో పోలుస్తారు. 90 శాతం చేరడం ఒక మెట్టుగా చూడటం వాడుక. నెలల విశ్రాంతిలో మంచి కాలు కూడా బలహీనపడుతుంది కాబట్టి, దానితో పోల్చిన 90 శాతం చూసి తొందరపడకూడదు. గాయానికి ముందు కొలతలు ఉంటే వాటితోనే పోల్చాలి. వైద్యుడో ఫిజియోథెరపిస్టో సరేనన్నాకే ఈ పరీక్ష.

పదో దశ: రికార్డు

ఒక్కో ఆటగాడికి ఒక్కో పేజీ. తేదీ, సమయం, నేల రకం, బూట్లు, బరువు, పద్ధతి పేరు, మూడు ప్రయత్నాలూ విడివిడిగా, కొలిచినవారి పేరు. ఉత్తమమైనదొక్కటే రాసి మిగతా రెండూ వదిలేస్తే రేపు సగటు తీయడం కుదరదు. నిద్ర సరిగా లేకపోయినా, జ్వరం వచ్చి తగ్గినా పక్కన ఒక ముక్క రాయండి. పిల్లలైతే పుట్టిన తేదీ, ఆ రోజు ఎత్తు కూడా తప్పనిసరి. ఒకే ఏడాది జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది ఎదుగుదల తేడా ఉంటుంది. తొమ్మిదేళ్ల వయసులో ఆ తేడా ఎన్నో సెంటీమీటర్ల జంప్‌గా కనిపిస్తుంది. ఎంపిక జాబితా తయారు చేసేటప్పుడు ఆ తేదీల గడిని జంప్ గడి పక్కనే పెట్టుకుని చూడండి.